బోరింగు పక్క నల్లమట్టి

మొగిలిపాళెంలో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. సముద్రం పక్కనున్న ఊరికి అది వింతేమీ కాదు. కానీ ఒకప్పుడు ఊళ్లో నాలుగు మంచి బావులుండేవనీ, చుట్టూ రొయ్యల గుంటలు వెలిశాక ఒకదాని తర్వాత ఒకటి ఉప్పు తిరిగిపోయాయనీ పెద్దవాళ్లు చెబుతారు. ఆ గుంటల యజమానులు నెల్లూరులో ఉంటారు. వాళ్లు తాగే నీళ్లు వేరు. ఊరికి మిగిలిన మంచినీళ్లు ఒక్కచోటే, బాప్టిస్టు చర్చి వెనకాల బోరింగులో. ఆరేళ్ల కిందట సండేస్కూలు గది కట్టినప్పుడు వేయించారు. ముప్పై అడుగుల్లో కొబ్బరినీళ్లలాంటి నీళ్లు పడ్డాయి. ఇంకో ఇరవై అడుగులు దిగితే మళ్లీ ఉప్పే. చర్చికి వచ్చేవాళ్లయినా, కొండకు పోయి గుండు కొట్టించుకునేవాళ్లయినా బిందె పట్టుకుని అక్కడికే రావాలి. పక్కనున్న ప్రైమరీ స్కూలు పిల్లలు ఇంటర్వెల్ గంట కొట్టగానే పరుగెత్తేదీ అక్కడికే.

ప్రేమలీల మూడు వారాలుగా ఆ బోరింగు వైపు పోలేదు. రోజూ పొద్దున్నే మైలున్నర నడిచి, రోడ్డు మీద ఆటోలో వచ్చే ఫిల్టరు నీళ్ల కాను కొని, నెత్తిన పెట్టుకుని వస్తోంది. యాభై రెండేళ్ల మనిషి. దారిలో రెండుసార్లు దించుకుంటుంది.

"ఓమ్మే లీలా! కాను నీళ్లు తాగుతుండారంటనే మీ ఇంట్లో!" అని అరుగు మీద నుంచే పలకరించింది మాలకొండమ్మ. ఎదురింటావిడ. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. "మీ నవోమికి రొయ్యల కంపెనీలో జీతం పెంచినారా యేంది? మాకూ చెప్పరాదా, మేమూ మారాణులమైతాం!"

"డాక్టరు చెప్పినాడక్కా. మా మనవరాలికి కడుపునొప్పి గదా," అంది ప్రేమలీల తలెత్తకుండా.

డాక్టరెవరూ చెప్పలేదు. అబద్ధమాడాక కాను బరువు రెట్టింపయినట్టు అనిపించిందామెకు. మాలకొండమ్మ చంకలో ఖాళీ బిందె ఉంది. నవ్వుకుంటూ చర్చి వైపే వెళ్లింది. ఆ నడకను సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది ప్రేమలీల. పిలవాలి. పిలిచి, వద్దక్కా, ఆ నీళ్లు తాగొద్దు అనాలి. ఎందుకే అంటుంది. ఆ ఎందుకుకు జవాబు ప్రేమలీల గొంతులో మూడు వారాలుగా చేపముల్లులా అడ్డం పడి ఉంది.

ఆమెను ఊళ్లో వైర్ల లీల అంటారు. పుట్టింది సూళ్లూరుపేట పక్కన, పులికాటు ఒడ్డున. పద్దెనిమిదేళ్లకు క్రీస్తురాజును చేసుకుని ఈ పాళెం వచ్చింది. అతనికి సొంత పడవ లేదు, సొంత సెంటు భూమీ లేదు. కొన్నాళ్లు వలలు లాగాడు, కొన్నాళ్లు ఉప్పు మోశాడు. తర్వాత కావలిలో ఒక పాతసామాన్ల వ్యాపారి పరిచయమై, "ఈ వైర్లు కాల్చి రాగి తీసి తెచ్చివ్వు, చాలు" అన్నాడు. మొదట సైకిలుకు సరిపడా వచ్చేవి. రెండేళ్లు తిరిగేసరికి చెన్నై నుంచి వ్యాను వచ్చి ఇంటి ముందే గోతాలు దించిపోయేది. టీవీ బోర్డులు, ఫోను చార్జర్లు, పిచ్చర్ ట్యూబులు, బ్యాటరీలు. పట్నంలో కొత్త టీవీ కొన్నవాడు పాతది ఎవరికో ఇచ్చేసి చేతులు దులుపుకుంటాడు. ఆ దుమ్ము ఎక్కడో ఒకచోట పడాలి కదా. తొమ్మిదేళ్లు ప్రేమలీల ముక్కులో పడింది.

సగానికి కోసిన ఇనప డ్రమ్ములో వైర్లు వేసి నిప్పంటించేది ఆమె. పొగ నల్లగా, తియ్యటి కంపుతో లేచేది. ఆమె కొంగు ముక్కుకు కట్టుకునేది, అతను అదీ కట్టుకునేవాడు కాదు. బోర్డుల మీది సీసం కరిగించడం, ట్యూబులు సమ్మెటతో పగలగొట్టి రాగి చుట్ట ఊడదీయడం అతని పని. రాగీ సీసమూ వ్యాపారి పట్టుకుపోయేవాడు. బూడిదా గాజూ వీళ్లకు మిగిలేవి. చర్చి వెనకాల అప్పట్లో పల్లం ఉండేది, వానొస్తే మోకాలి బంటి నీళ్లు నిలిచేవి. ఎవరికీ పనికిరాని చోటు. గంపలకెత్తి అక్కడ పోసేవాళ్లు. దొంగతనంగా ఏం కాదు, పట్టపగలే. ఎందుకు పోస్తున్నారని ఎవరూ అడగలేదు. పల్లం పూడుతోందని సంతోషించినవాళ్లు కూడా ఉన్నారు.

ఏడేళ్ల కిందట దగ్గి దగ్గి క్రీస్తురాజు పోయాడు. ప్రేమలీల ఆ పని మానేసింది. మరుసటేడు ఆ పూడిన పల్లంలోనే చర్చి సంఘం వాళ్లు సండేస్కూలు గది కట్టి, బోరు వేయించారు. గొట్టం దిగుతుంటే తొలి నాలుగడుగుల్లో నల్లటి మట్టి పైకొచ్చింది. "సముద్రం పక్కన నల్లరేగడి యాడిదిరా!" అని బోరు వేసేవాళ్లు నవ్వుకున్నారు. ప్రేమలీల అక్కడే నిలబడి ఉంది. ఆమె కూడా నవ్వింది.

ఆ నవ్వే ఇప్పుడామెకు నిద్ర లేకుండా చేస్తోంది.

ఇంతకీ జరిగిందేమిటంటే, ఈ ఏడాది కోతపండుగకు పాస్టరు జడ్సన్ గారు ఒక కొత్త సంగతి తలపెట్టారు. ఏటా వరి కోతలయ్యాక సంఘంలో కోతపండుగ చేస్తారు. ఎవరికి పండింది వాళ్లు తెచ్చి, ప్రసంగం చెప్పే పుల్‌పిట్ ముందు పెడతారు. వడ్లు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, చేపలు. ప్రార్థన చేసి వేలం వేస్తారు. ఈసారి వాటితో పాటు ఇళ్లలో మూలనపడ్డ టీవీలు, ఫోన్లు, బ్యాటరీలు కూడా తెమ్మన్నారు. అవి వేలానికి కాదు, తిరుపతి వైపునుంచి లైసెన్సున్న కంపెనీ బండి వచ్చి పద్ధతిగా తీసుకుపోతుంది. జడ్సన్ గారు కుర్రపాస్టరు, ఈ సంఘానికొచ్చి రెండేళ్లే. మంచిపని చేయాలన్న తపన ఉన్న మనిషి.

మూడు వారాల ముందు ఆదివారం ఆ సంగతి వివరించడానికి అబిగయీలును నిలబెట్టారు. ఈ ఊరి పిల్లే, కావలిలో కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది.

"పిచ్చర్ ట్యూబులో ఉండేది మామూలు గాజు కాదు. సీసం కలిపిన గాజు," అంది అబిగయీలు. "బోర్డుల్లో అతుకులన్నీ సీసమే. వీటిని పగలగొట్టినా, కాల్చినా, పూడ్చినా ఆ సీసం యాడికీ పోదు. వానకు మెల్లగా నేల్లోకి దిగి నీళ్లలో కలిసే ప్రమాదం ఉంది. రంగుండదు, వాసనుండదు, రుచి తెలీదు. పెద్దోళ్లకంటే చిన్నపిల్లలకు ఎక్కువ ముప్పు. బుర్ర ఎదగదు. చదువు ఎక్కదు. కడుపునొప్పులు. అందుకని దయచేసి ఎవరూ..."

ఆ తర్వాత ఏం చెప్పిందో ప్రేమలీల వినలేదు. ఒళ్లో మనవరాలు ఫ్లోరా కూర్చుని ఉంది. ఏడేళ్లది. రెండో తరగతి. అచ్చులు నేర్పితే వారానికల్లా మరిచిపోతుంది. టీచరమ్మ "కొంచెం లేటు పిల్లలెండి" అంటే సరేలే అనుకున్నారు. చర్చి కిటికీలోంచి బోరింగు చప్పుడు వినపడుతోంది, కిర్రు కిర్రుమని. ఎవరో నీళ్లు కొడుతున్నారు.

ఆ రోజు నుంచి ఆమె ఊళ్లో పిల్లలను కొత్తగా చూడటం మొదలుపెట్టింది. మాలకొండమ్మ మనవడు పొట్ట పట్టుకుని కూర్చుంటాడు. పడవల కామాక్షయ్య కూతురు తొమ్మిదేళ్లొచ్చినా నత్తి. పిల్లలన్నాక అందరికీ ఏదో ఒకటి ఉంటుంది. కడుపులో ఏలికపాములో, తిండి చాలకపోవడమో, పేదరికమో, సవాలక్ష కారణాలు. కానీ వెతికేవాళ్ల కళ్లకు ఒక్కటే కారణం కనిపిస్తుంది. ప్రతి పిల్ల ముఖంలోనూ ఆమెకు తన గంప కనిపించింది.

చెబుదామని ఒకసారి పాస్టరు గారింటికి వెళ్లింది. ఆయన మోటారుసైకిలు తుడుచుకుంటున్నారు.

"రా లీలమ్మా, ఏంటి విషయం?"

"అయ్యగారూ..." నోరు తెరిచింది. చెబితే బోరింగు మూసేస్తారు. ఊరంతటికీ నీళ్లుండవు. ఆరేళ్లుగా మా పిల్లలకు విషం తాపింది ఈమే అంటారు. తనని అంటే పడుతుంది. నవోమిని అంటారు. ఫ్లోరాను పక్కన కూర్చోనివ్వరు. "మోకాళ్లు నొప్పులయ్యగారూ. ప్రార్థన చెయ్యండి."

ఆయన కళ్లు మూసుకుని ఆమె మోకాళ్ల కోసం చాలాసేపు ప్రార్థించారు. ఆమేన్ అన్నాక ఆమె కుంటుకుంటూనే ఇంటికి నడిచింది.

కూతురు నవోమికీ చెప్పలేదు. పొద్దున్నే కంపెనీ బస్సెక్కి వెళ్లి చీకటి పడ్డాక రొయ్యల వాసనతో వచ్చే పిల్లకు ఇంకో భయం ఎందుకని. ఫ్లోరాకు మాత్రం సీసాలో కాను నీళ్లు పోసి ఇచ్చి, "బళ్లో ఇయ్యే తాగాల. బోరింగు నీళ్లు ముట్టుకున్నావంటే వీపు పగలగొడతా" అనేది. సాయంత్రానికి సీసా నిండుగానే తిరిగొచ్చేది. పిల్లలకు బోరింగు దగ్గర నోరు పెట్టి తాగడంలో ఉండే సరదా సీసాలో ఎక్కడుంటుంది?

కోతపండుగ రోజు రానే వచ్చింది. పుల్‌పిట్ ముందు ఒకవైపు వడ్ల బస్తాలు, ఇంకోవైపు బస్తాల్లాగే డొక్కు టీవీలు. కోడిపుంజు ఒకటి కట్లు విప్పుకుని టీవీ పెట్టె ఎక్కి కూసింది. "చూడండయ్యా, ఇన్నేండ్లకు ఈ టీవీలో బొమ్మ పడింది!" అని వెనక బల్లల్లో ఎవరో అంటే చర్చంతా నవ్వింది. సామాన్లు వేరుచేసే పని సంఘపెద్ద లాజరస్ సారు ప్రేమలీలకే అప్పజెప్పారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, ఏ పనికి ఎవరో ఆయనే చెప్పాలి. "వైర్ల సంగతి నీకంటే ఎవరికి తెలుసు మే?" అన్నారు. ఆయన మెచ్చుకోలుగానే అన్నారు. ఆమె చేతులు వాటంతటవే పని చేసుకుపోయాయి, బోర్డులు ఒకచోట, బ్యాటరీలు ఒకచోట. తొమ్మిదేళ్ల పని చేతులు మరిచిపోవు.

జడ్సన్ గారు అన్నిటి మీదా చేతులు చాచి, "ప్రభువా, నీ పాదాల దగ్గర పెట్టిన సమస్తాన్నీ అంగీకరించు" అని ప్రార్థన చేశారు. ఆ సమస్తం అన్న మాటే చివరికి చిక్కు తెచ్చింది.

మధ్యాహ్నం కంపెనీ బండి వచ్చింది. వచ్చినవాళ్లు మంచిగానే తూచి, కాగితం రాసి, ఎక్కించుకున్నారు. కానీ గోతాల్లో వేసి తెచ్చేటప్పుడు పగిలిన ఆరు పిచ్చర్ ట్యూబులు, కారుతున్న రెండు బ్యాటరీలు పక్కన పెట్టారు. "పగిలినవి ఈ బండిలో వేసుకోకూడదండీ. వాటికి వేరే డబ్బాలు, వేరే బండి. పది రోజులు పట్టొచ్చు. అందాకా ఎవరూ ముట్టుకోకుండా పెట్టండి" అని చెప్పి వెళ్లిపోయారు. అప్పటికే అబిగయీలు కావలి బస్సెక్కేసింది.

పది రోజులు ఎక్కడ పెట్టాలి? సండేస్కూలు గదిలో పెడితే పిల్లలు కెలుకుతారు. పెంటకుప్పలో పారేద్దామని సంఘం పనులు చూసే డీకను ఒకతను అంటే లాజరస్ సారు కస్సుమన్నారు.

"దేవుని పాదాల దగ్గర పెట్టి ప్రార్థన చేసిన వస్తువును పెంటలో ఏస్తావా? చినిగిన బైబిళ్లు, బల్లారాధనలో రొట్టె మీద కప్పే గుడ్డలు ఏం చేస్తాం మనం? చర్చి నేల్లో మర్యాదగా పూడుస్తాం. మా నాయన కాలం నుంచి అదే పద్ధతి. ఇయ్యీ అట్నే. బోరింగు పక్కన నేల మెత్తగా ఉంటది. రేపు పొద్దున్నే గుంట తీపిస్తా."

జడ్సన్ గారు, "అబిగయీలు పూడ్చొద్దంది కద సార్" అన్నారు నసుగుతూ.

"కాల్చొద్దంది. మనం కాల్చడంలేదు గదా," అన్నారు లాజరస్ సారు. అక్కడితో అయిపోయింది. ప్రార్థన మాట తనదే కాబట్టి పాస్టరు గారు ఇంకేం అనలేకపోయారు.

మర్నాడు పొద్దున పదింటికి ప్రేమలీల వెళ్లేసరికి కూలీ హజరత్తయ్య గడ్డపార పట్టుకుని బోరింగు పక్కన నిలబడి ఉన్నాడు.

"టీవీలకు సమాధి కట్టే కూలి ఇదే మొదలు సారూ నాకు," అంటున్నాడతను. "పైన రాయి పెట్టిచ్చేదుంటే చెప్పండి, పేరు కూడా రాపిద్దాం."

"నువ్వు తవ్వరా ముందు."

ప్రేమలీల గోడ చాటుకు వెళ్లి ఫోను తీసి అబిగయీలుకు చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. క్లాసులో ఉంటుంది. గడ్డపార మొదటి దెబ్బ ఇసకలో ధబ్బుమంది. ఆ చోటు ఆమెకు తెలుసు. ఒక అడుగు ఇసక, దాని కింద నలుపు. నలుపు తేలితే ఎవరిదని అడగనక్కర్లేదు. ఈ ఊళ్లో వైర్లు కాల్చినవాళ్లు ఇంకెవరున్నారు? పైగా దాని మీదే ఇంకో ఆరు ట్యూబుల గాజు. ఆమె ఫోను బొడ్లో దోపుకుంది. గుంట దగ్గరికి వెళ్లింది.

"సారూ, ఆడొద్దు."

"ఎందుకు మే?"

"ఆడ... నీళ్లు పారే చోటు గదా. గుంట నిలబడదు. ఆ కానుగ చెట్టు కింద తవ్వించండి, గట్టి నేల."

లాజరస్ సారు ఒక క్షణం చూసి, "అదీ నిజమే. పది అడుగులు జరుపరా హజరత్తూ" అన్నారు.

అంతే. అంత తేలికగా తప్పిపోయింది. కానుగ చెట్టు కింద ఇసక తెల్లగా, శుభ్రంగా లేస్తోంది. అక్కడ ఆమె ఎప్పుడూ ఏమీ పొయ్యలేదు. ఎవరికీ ఏమీ తెలియదు. ఇంటికి పోవచ్చు. ప్రేమలీల నిజంగానే వెనక్కు తిరిగింది. ఒళ్లంతా చెమట పట్టి, గాలికి చల్లగా ఉంది. ఎన్నో రోజుల తర్వాత ఊపిరి పూర్తిగా ఆడినట్టనిపించింది.

గంట కొట్టారు. ఇంటర్వెల్.

పిల్లలు గోడ దూకి, గేటు తోసుకుని వచ్చి పడ్డారు. ఒకడు బోరింగు కొడుతుంటే నలుగురు దోసిళ్లు పట్టారు. మాలకొండమ్మ మనవడు తలంతా తడుపుకున్నాడు. వాళ్లను తోసుకుంటూ ముందుకొచ్చింది ఫ్లోరా. సీసా మెడలో వేలాడుతోంది, నిండుగా. దాన్ని వెనక్కు తోసుకుని, గొట్టానికి నోరు ఆనించి, కళ్లు మూసుకుని గుటగుటా తాగుతోంది.

పది అడుగుల దూరంలో హజరత్తయ్య మోకాలి లోతు తవ్వాడు. లాజరస్ సారు గోతం విప్పుతున్నారు. లోపల గాజు గలగలమంది.

ప్రేమలీల పరుగెత్తింది. ఫ్లోరా జుట్టు పట్టుకుని గొట్టం నుంచి లాగేసింది. పిల్ల కెవ్వుమంది. ఆమె దాన్ని వదిలి, బోరింగు పిడిని రెండు చేతులతో కౌగిలించుకుని నిలబడింది.

"తాగబాకండి. ఎవరూ తాగబాకండి."

"ఏం మే, పిచ్చిపట్టిందా?" లాజరస్ సారు గోతం వదిలేసి వచ్చారు.

"సారూ, ఆ గాజు పూడ్చబాకండి. పూడ్చింది చాలు. ఈ బోరింగు కింద ఉండేది నేను పోసిన బూడిద. తొమ్మిదేండ్లు పోసినా. నేనూ, మా ఆయనా. గాజు కూడా. అబిగయీలు చెప్పింది చూడండి... ఆ సీసం, అదంతా ఈడనే ఉండాది. ఒక్కడుగు తవ్వండి, కనపడతాది."

హజరత్తయ్య గడ్డపార తీసుకొచ్చి, ఇందాక వదిలేసిన చోటే రెండు దెబ్బలు వేసి, పెళ్ల పైకెత్తాడు. తడిసిన బొగ్గులా నల్లగా ఉంది. అందులో గాజు పెంకొకటి ఎండకు మెరిసింది.

బిందె పెట్టుకుని గేటు దగ్గరికొచ్చిన మాలకొండమ్మ అక్కడే ఆగిపోయి అంతా విన్నది. బిందె దించింది.

"ఆరేండ్లు," అంది మెల్లగా. అరిస్తే బాగుండేది. "నా మనవడికి ఈ నీళ్లతోనే గదంటే గంజి కాసి పోసినా. నీకు తెలుసునా లీలా?"

"తెలీదక్కా. ప్రమాణంగా తెలీదు. ఆ పాప చర్చిలో చెప్పేదాకా తెలీదు."

"అది చెప్పి మూడు వారాలాయె."

ప్రేమలీల పిడిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"మూడు వారాలు నువ్వు కాను నీళ్లు తాగినావు," అంది మాలకొండమ్మ. "నేను నవ్వులాటకు మారాణివన్నా. నేను బిందె చంకన పెట్టుకుని పోతుంటే చూస్తా కూర్చున్నావు."

తొమ్మిదేళ్లు తెలియక చేసినదానికి ఎంతోమందిని నిలదీయవచ్చు. గోతాలు దింపిన వ్యాపారిని, అతనికి అమ్మిన పట్నాన్ని, పొగ చూసి కిటికీ మూసుకున్న ఊరిని. తెలిసిన ఆ మూడు వారాలు మాత్రం ప్రేమలీల ఒక్కదానివే. ఆ సంగతి అక్కడున్న వాళ్లందరికంటే ముందు ఆమెకే తెలుసు.

"అది సరేగానీ, పొగొస్తుంటే మనమంతా ముక్కు మూసుకున్నాం," అన్నాడు హజరత్తయ్య నేల చూస్తూ. "బూడిద యాడ పోస్తుండావని ఒక్కరం అడిగినామా?"

కబురందుకుని జడ్సన్ గారు వచ్చారు. విన్నారు. రంగు మారిన ముఖంతో తన మోటారుసైకిలు గొలుసు తాళం విప్పుకొచ్చి, బోరింగు పిడికి చుట్టి బిగించారు. అది చూశాక గాని పిల్లలకు భయం వెయ్యలేదు. అప్పటిదాకా తమాషా చూస్తున్నవాళ్లు ఒక్కొక్కరే గోడ దగ్గరికి జరిగిపోయారు. మాలకొండమ్మ మనవడు, "అవ్వా, నేను ఇప్పుడే తాగినా, ఏమైతాది?" అని అడిగాడు.

అప్పుడు ప్రేమలీల ఫోనుకు అబిగయీలు తిరిగి చేసింది. జడ్సన్ గారు అందుకుని, జరిగింది చెప్పి, స్పీకరు పెట్టారు.

"ఎవరూ భయపడొద్దు, కానీ ఆ నీళ్లు ముట్టుకోవద్దు," అంది. గొంతులో ఆమె భయం దాగలేదు. "రేపొచ్చి నీళ్లు సీసాల్లో పట్టి టెస్టుకు పంపిస్తా. రిజల్టు వచ్చేదానికి పది రోజులు. అప్పుడు గాని ఏదీ చెప్పలేం. పిల్లలకు రక్తపరీక్ష సంగతి కూడా కనుక్కుంటా. పెద్దమ్మా, నువ్వున్నావా ఆడ?"

"ఉండా తల్లీ."

"ఒక్క బోరింగు పక్కనేనా? ఇంకా యాడైనా పోసినారా? బాగా గుర్తు చేసుకో. పోసిన చోటల్లా గుర్తు పెట్టండి. చిన్నపిల్లల్ని ఆ చోట్లకు రానీయొద్దు."

వెల్లవేయగా మిగిలిన సున్నం చర్చి గదిలో ఉంది. జడ్సన్ గారు ఒక తట్టలో పోసుకొచ్చారు. ప్రేమలీల ముందు నడిచింది, ఆయన తట్ట పట్టుకుని వెనక నడిచారు. లాజరస్ సారు చేతికర్రతో వచ్చారు. వాళ్ల వెనకాల, కొంచెం ఎడంగా, ఊరు. పనికి పోవాల్సినవాళ్లు కూడా పోలేదు. ప్రతి ఒక్కరికీ ఒకటే గుబులు. తమ గుమ్మం ముందు ఎక్కడ ఆగుతుందో అని.

చర్చి వెనక పల్లం పొడవునా ఆమె సున్నం చల్లింది. సమాధుల దొడ్డికి పోయే బాట పక్కన ఒకచోట ఆగింది. అక్కడ పది పదిహేను గంపలు. కాలవ గట్టు మీద ఇంకొకచోట. చల్లినప్పుడల్లా వెనక నుంచి నిట్టూర్పు వినిపించేది, తమ ఇంటికి దూరమే అని తెలిసినవాళ్లది. కామాక్షయ్య ఇంటి ముందు ఆమె నడక నెమ్మదించింది. కామాక్షయ్య గుండె పట్టుకున్నాడు. "ఈడ కాదులే అబ్బయ్యా" అని ముందుకు పోయింది.

"ఇంకా?" అన్నారు జడ్సన్ గారు.

"అంతే అయ్యగారూ."

"బాగా ఆలోచించు. తొందరలేదు."

ఆమె ఇంటి ముందే ఉన్నారప్పటికి. తిరుగుడులో కాళ్లు వాటంతటవే అక్కడికి తెచ్చాయి. ఏడుపు మానిన ఫ్లోరా అందరికంటే ముందే ఇంట్లోకి దూరి, పొయ్యి పక్కన చల్లగా ఉంటుందని బోర్లా పడుకుని ఉంది. పగటిపూట ఎప్పుడూ అక్కడే పడుకుంటుంది, చెంప నేలకానించి. పొయ్యి దగ్గర సిమెంటు పూత పెచ్చులూడింది. ఆ గుంటలో వేలు పెట్టి గీకుతూ, గీకిన మట్టితో గీతలు గీస్తోంది. నల్లటి గీతలు.

ప్రేమలీల గడప పట్టుకుని నిలబడిపోయింది.

పెద్ద వరదలొచ్చిన ఏడు. ఇల్లంతా మునిగి, బియ్యం తడిసి, నాలుగు రోజులు చర్చిలో తలదాచుకున్నారు. తిరిగొచ్చాక క్రీస్తురాజు, "మళ్లీ నీళ్లు రాకుండా నేలెత్తు పెంచుదాం, మట్టి కొనే పనిలేదు, మనకాడ ఉండేది చాలదా?" అన్నాడు. రెండు రోజులు అతను దిమ్మిస కొట్టాడు, ఆమె బూడిద గంపలు అందించింది. పైన పలచగా సిమెంటు. అంతకుముందు గుడిసెలాంటి ఇల్లు ఎత్తుకు లేచిందని ఆ రోజు పాయసం కూడా వండింది. మూడు వారాలుగా ఊళ్లో ప్రతి పిల్లనూ చూసి భయపడిన మనిషికి, తను పడుకునే నేల ఒక్కసారీ గుర్తు రాలేదు.

"ఫ్లోరా. లేయ్. ఇట్రా."

"ఎందుకమ్మమ్మా? ఈడ సల్లంగా ఉంది."

"బయటికి రా తల్లీ. చేతులు నోట్లో పెట్టుకోబాకు. అట్నే రా."

ఆ గొంతు విని పిల్ల మారాం చెయ్యకుండా వచ్చింది, నల్లటి వేళ్లు గాలిలో ఎత్తిపట్టుకుని. "నా పలక లోపలుండాది" అంది. ఉండనీ అన్నట్టు ప్రేమలీల తల ఊపి, పాస్టరు గారి చేతుల్లోంచి తట్ట అందుకుంది. తన గుమ్మం ఈ చివర నుంచి ఆ చివరకు సున్నం చల్లింది. వెనకున్న ఊళ్లో ఈసారి ఎవరూ నిట్టూర్చలేదు. మాలకొండమ్మ ఎదురరుగు మీద నుంచి దిగి రెండడుగులు ముందుకు వేసి, ఆగిపోయింది.

"ఇంట్లోనా?" అన్నారు లాజరస్ సారు. హెడ్మాస్టరు గొంతు కాదది.

"ఎంత లోతు లీలమ్మా?" అని అడిగారు జడ్సన్ గారు.

ప్రేమలీల తట్ట దించింది. నేల నుంచి ఇంత అని చేత్తో చూపించబోయింది. గాలిలో దించిన ఆ చెయ్యి పక్కనే నిలబడ్డ ఫ్లోరా నడుముకు తగిలి అక్కడ ఆగింది.